ఏదో పొరపాటు జరిగింది... ఇంతకీ ఏం జరిగింది?

దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. రాత్రి పదిన్నర దాటింది. నెట్ సెంటర్లో కుర్చీలన్నీ నిండిపోయి, వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. డిగ్రీ పూర్తి చేసిన ఓ కుర్రాడి ఫొటో ఎక్కింది, సంతకం ఎక్కింది, ఫీజూ కట్టేశాడు. ‘సబ్మిట్’ నొక్కగానే తెరంతా తెల్లగా అయిపోయి మధ్యలో ఒకే ఒక్క వాక్యం... ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’!

‘‘ఏమైందన్నా?’’

‘‘ఏమో అబ్బీ, ఎర్రర్ అని వస్తాంది. సర్వర్ బిజీగా ఉన్నట్టుంది. మళ్లీ కొట్టి చూద్దాం.’’

‘‘ఫీజు కూడా మళ్లీ కట్టల్లా?’’

ఆ ప్రశ్నకి సెంటర్ నడిపే అన్న దగ్గర జవాబు లేదు. ఎందుకంటే తెర మీద కూడా లేదు.

ఇది ఫలానా ఊళ్లో ఫలానా రోజు జరిగిన కథ కాదు. నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ కర్నూల్లోనో, నంద్యాలలోనో, ప్రొద్దుటూరులోనో, కడపలోనో ఎక్కడో ఒకచోట జరిగేదే. ‘ఏదో పొరపాటు జరిగింది’ అన్న ఆ వాక్యం చూసి ఒకరు రెండోసారి ఫీజు కడతారు. ఇంకొకరు దరఖాస్తు అందిందిలే అనుకుని ఇంటికెళ్లిపోతారు. హాల్‌టికెట్ల రోజున గానీ అసలు సంగతి బయటపడదు.

పాతకాలం ఆఫీసుల్లో గుమాస్తా ‘దీని మీద గెజిటెడ్ సంతకం ఏదీ? పో, తీసుకురా’ అని విసుక్కునేవాడు. విసుగైతేనేం, అందులో సమాచారం ఉంది! ఏం తక్కువైందో, దానికి ఏం చెయ్యాలో రెండూ తెలిసేవి. 2001లో హైదరాబాద్‌లో ‘ఈ-సేవ’ మొదలైంది. 2011లో ‘మీసేవ’ వచ్చింది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోకే సేవలు వచ్చేశాయి. రానురానూ కిటికీ అవతల మనిషి ఉండాల్సిన చోట ప్రోగ్రాం కూర్చుంటోంది. ప్రోగ్రాం విసుక్కోదు. కానీ, ఏం తక్కువైందో చెప్పడం దానికి ఎవరూ నేర్పకపోతే... అదీ చెప్పదు.

అసలు తమాషా ఏమిటంటే, ఆ కుర్రాడి దరఖాస్తు ఎందుకు ఆగిందో చాలాసార్లు కంప్యూటర్‌కి తెలుసు. పేరులో చుక్క ఉందనో, ఫొటో సైజు ఎక్కువనో, డేటాబేస్ జవాబివ్వలేదనో లోపల ఎక్కడో ఓ చిన్న చీటీ తయారైంది. దాని పేరే ‘ఎర్రర్ ఆబ్జెక్ట్’. లోపలి నుంచి తెర దాకా వచ్చే దారిలో ఎవరో దాన్ని నలిపి పారేశారు. తెర మీద మనం చూసిన వాక్యం ఆ చీటీ పోయాక మిగిలిన ఖాళీ కవరు.

లస్కరు పంపే చీటీ

ఈ చీటీ సంగతి అర్థం కావాలంటే కంప్యూటర్ కన్నా కేసీ కెనాల్ నయం. కర్నూలు-కడప కాలువ అన్న పేరులోనే రెండు ఊళ్లూ ఉన్నాయి. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో తవ్వించింది. నష్టాల్లో మునిగిన కంపెనీ దగ్గర నుంచి 1882లో సర్కారు కొనుక్కుంది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై సంతజూటూరు, రాజోలి, ఆదినిమ్మాయపల్లె ఆనకట్టలు దాటుకుంటూ మూడొందల కిలోమీటర్ల పైన నడిచి కడప చేరుతుంది. మధ్యలో కొంతదూరం వాగులూ కుందూ నదే దానికి కాలువలు.

ఇప్పుడు కడప దగ్గర చివరి ఆయకట్టు రైతును ఊహించుకోండి. తూములో నీళ్లు లేవు. ఆయనకి తెలిసింది అంతే. కారణం నూరు కిలోమీటర్ల పైన ఉండొచ్చు. ఎక్కడో కట్ట తెగి ఉండొచ్చు. ఎక్కడో షట్టరు ఇరుక్కుని ఉండొచ్చు. లేదా సుంకేసులకే నీళ్లు రాకపోయి ఉండొచ్చు. మూడింటికీ పరిష్కారాలు వేరు. మొదటిదైతే ఇసుక బస్తాలు కావాలి. రెండోదైతే మెకానిక్ కావాలి. మూడోదైతే ఎగువ రాష్ట్రంతో మాట్లాడాలి. ‘నీళ్లు రావట్లేదు’ అన్న ఒక్క ముక్కతో వీటిలో ఏ పనీ మొదలవ్వదు.

మరి కాలువ మీద తిరిగే లస్కరు ఏం చేస్తాడు? పనిమంతుడైతే పై అధికారికి పంపే కబురులో మూడు సంగతులు ఉంటాయి. ఏం జరిగింది... గండి. ఎంత... పది అడుగుల వెడల్పు, ఎడమ కట్ట. ఎక్కడ... ఫలానా కిలోమీటరు రాయి దగ్గర. చిన్న గండి అయితే తానే నలుగురిని పిలిచి పూడ్చేస్తాడు, కబురు అక్కడితో ఆగుతుంది. తన వల్ల కాకపోతే ఏఈకి పంపుతాడు. ఆయన వల్లా కాకపోతే డీఈకి, ఆ పైన ఈఈకి. నీళ్లు కట్టేయాలంటే ఆ మాట సుంకేసుల దాకా పోవాల్సిందే. ఎంత పైకి పోయినా చీటీలో రాసిన కిలోమీటరు రాయి మాత్రం మారకూడదు.

వెబ్ భాషల్లో తప్పుల్ని సంభాళించే పద్ధతి అచ్చంగా ఇదే. లస్కరు కబురు పైకి పంపడాన్ని ‘త్రో’ అంటారు... విసరడం. ‘ఈ పని చేసి చూడు’ అని మొదలుపెట్టే భాగం ‘ట్రై’. పైనుంచి చెయ్యి చాచి పట్టుకునే భాగం ‘క్యాచ్’. మధ్యలో గాల్లో ఎగిరే వస్తువు ఎర్రర్ ఆబ్జెక్ట్. అందులోనూ ఆ మూడే ఉంటాయి. పేరు, వివరం, అది ఎక్కడి నుంచి ఏ దారిలో వచ్చిందో చెప్పే జాబితా. ఈ మూడోదాన్ని ‘స్టాక్ ట్రేస్’ అంటారు. కిలోమీటరు రాళ్ల పట్టీ అనుకుంటే సరి!

‘...లేదా చచ్చిపో!’

ఇంత సులువైన పద్ధతి మొదటి నుంచీ ఎందుకు లేదంటే, ఈ భాషలు పుట్టిన తీరే అలాంటిది. వీటిని ఎవరూ పెద్ద పెద్ద ప్రభుత్వ పనుల కోసం తయారుచెయ్యలేదు. పీహెచ్‌పీని రాస్మస్ లెర్‌డార్ఫ్ తన సొంత వెబ్‌పేజీ అవసరాల కోసం మొదలుపెట్టి 1995 జూన్‌లో లోకానికి ఇచ్చాడు. జావాస్క్రిప్ట్ మొదటి రూపాన్ని అదే ఏడాది మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాశాడు. పది రోజుల్లో రాసిన భాషలో తప్పుల్ని పట్టుకునే ఏర్పాటు లేదంటే ఆశ్చర్యమేముంది? ట్రై, క్యాచ్, ఎర్రర్ ఆబ్జెక్టులు జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి వచ్చింది 1999 డిసెంబరులో.

పీహెచ్‌పీ ఇంకా ఆలస్యం. 2000ల మొదట్లో ఆ భాష నేర్చుకున్నవాళ్లకి ఓ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. డేటాబేస్‌తో కలుపు... ‘ఆర్ డై’. అంటే, కలవకపోతే చచ్చిపో! పాఠ్యపుస్తకాల్లోనూ అదే, కోచింగ్ సెంటర్లలోనూ అదే. డేటాబేస్ ఒక్క క్షణం పలక్కపోతే పేజీ మొత్తం అక్కడికక్కడే ఆగిపోయేది. ఇంకో గమ్మత్తు @ గుర్తు. ఏదైనా ఆజ్ఞ ముందు అది తగిలిస్తే, తప్పు జరిగినా పీహెచ్‌పీ నోరెత్తదు. ఏడ్చే పిల్లాడి నోట్లో పీక పెట్టినట్టే. ఆకలి మాత్రం తీరదు!

ఆ రోజుల్లోనే ‘పియర్’ అనే పీహెచ్‌పీ గ్రంథాలయం ఓ దారి చూపింది. పని చెడితే ‘కాదు’ అనే ఒట్టి మాట బదులు, పేరూ వివరమూ ఉన్న ఎర్రర్ ఆబ్జెక్టునే జవాబుగా తిరిగివ్వడం. వర్డ్‌ప్రెస్‌లో ఇప్పటికీ అలాంటి పద్ధతి ఉంది. మంచిదే. కానీ ఓ లొసుగు ఉంది. అందుకున్నవాడు దాన్ని విప్పి చూడాలి. చూడకుండా జేబులో పెట్టుకుంటే పని జరిగిపోయినట్టే ముందుకెళ్లిపోతాడు. 2004 జులైలో పీహెచ్‌పీ 5తో ‘త్రో’, ‘క్యాచ్’ వచ్చాకే ఆ బాధ తగ్గింది. చేతికిచ్చిన చీటీని చూడకపోవచ్చు, మొహాన విసిరినదాన్ని పట్టుకోక తప్పదు కదా! పట్టుకోకపోతే ప్రోగ్రాం ఆగుతుంది, ఆగితే అందరికీ తెలుస్తుంది. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7తో, అంతవరకూ పట్టుకోవడానికి వీల్లేని ప్రాణాంతక తప్పుల్లో చాలావాటిని కూడా ఇలాగే పట్టుకునే వీలు కలిగింది.

పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడినవాళ్లకి కింద ఎడమ మూలన వెలిగే పసుపు త్రికోణం గుర్తుండే ఉంటుంది. లోపల ఆశ్చర్యార్థకం, పక్కన ‘పేజీలో తప్పులున్నాయి’ అని ఓ ముక్క. నూటికి తొంభై మంది దాన్ని అలంకారం అనుకున్నారు. ఇక సర్వర్ వైపు తప్పయితే పేజీ నెత్తిన ‘వార్నింగ్...’ అంటూ మొదలై ‘ఆన్ లైన్ 37’ అని ముగిసే వాక్యం. ప్రోగ్రాంలో 37వ వరుస అని దానర్థం. ‘ఆన్‌లైన్’ అని చదువుకుని, నెట్ కనెక్షన్ గురించి ఏదో చెబుతోందనుకున్నవాళ్లని తప్పుపట్టలేం.

పేరే పొరపాటు!

ఇప్పుడు ఆ కుర్రాడి దరఖాస్తుకే వద్దాం. కర్నూలు, కడప పల్లెల్లో ఓబులేసు, మద్దిలేటి, దస్తగిరి, పెద్దక్క లాంటి పేర్లు ఇంటింటా ఉంటాయి. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందొస్తుంది, అదీ పొడి అక్షరంగా, పక్కన చుక్కతో. ఆధార్‌లో చుక్క ఉండకపోవచ్చు. కొందరికి ఇంటిపేరే రాయరు. ఎక్కడో దూరాన కూర్చుని ఫారం తయారుచేసినవాళ్లేమో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అని రెండు గళ్లు పెట్టి, రెండూ తప్పనిసరి అన్నారు. అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండకూడదనీ రాసిపెట్టారు. చుక్క కూడా!

సర్వర్లో పేరు పరీక్షించే భాగం చుక్కను చూసింది. సరిగ్గా రాసిన ప్రోగ్రాం అయితే ‘పేరు తప్పు’ అనే రకం ఎర్రర్ ఆబ్జెక్టు తయారవుతుంది. లోపల ‘లాస్ట్ నేమ్ గడిలో చుక్క ఉంది’ అన్న వివరం. దాన్ని పైకి విసురుతుంది. పైన పట్టుకునే భాగం రకాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. పేరు తప్పయితే మనిషికి చెప్పి దిద్దమనాలి. డేటాబేస్ పలకకపోతే రెండు క్షణాలాగి తానే మళ్లీ ప్రయత్నించాలి. డిస్కులో చోటు అయిపోతే ఇంజినీరుకి మెసేజ్ పంపాలి. ఒకటి కుర్రాడు సరిచెయ్యగలిగింది, ఒకటి ప్రోగ్రామే సరిచేసుకోగలిగింది, ఇంకొకటి వేరెవరో సరిచెయ్యాల్సింది. ఎర్రర్ ఆబ్జెక్టుకి రకం, పేరు ఉండటం వల్ల కలిగే అసలు లాభం ఇదీ. ఎవరి పనో తెలుస్తుంది.

మరి జరుగుతున్నదేమిటి? వచ్చిన చీటీ ఏదైనా సరే, ఒకే చేత్తో పట్టుకుని, ఒకే వాక్యం తెర మీద పడేసే ప్రోగ్రాములే ఎక్కువ. పేరులో చుక్కకీ అదే మాట, సర్వర్ కూలిపోయినా అదే మాట. చుక్క తీసేస్తే నిమిషంలో అయిపోయే పనికి కుర్రాడు అర్ధరాత్రి దాకా ‘సబ్మిట్’ కొడుతూ కూర్చుంటాడు, సర్వర్ బిజీగా ఉందనుకుని.

ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. దాన్ని ప్రోగ్రామర్లు ‘ఖాళీ క్యాచ్’ అంటారు. వచ్చిన చీటీని పట్టుకోవడం, ఏమీ చెయ్యకపోవడం. తెర మీద ఎర్ర అక్షరాలు కూడా రావు. ‘విజయవంతంగా సమర్పించారు’ అనే వస్తుంది! గండి పడిందని లస్కరు పంపిన కబురును మధ్యలో గుమాస్తా చింపేసి, రిజిస్టర్లో ‘నీళ్లు అందాయి’ అని రాసినట్టు. గడువు దగ్గరపడిందనో, టెస్టింగ్ వాళ్లు పదే పదే తిప్పి పంపుతున్నారనో ఈ పని చేసేవాళ్లు ఉంటారు. కారణం ఏదైనా, ఇది నిర్లక్ష్యమే. తెల్లతెర ఇచ్చిన ప్రోగ్రాం కనీసం అబద్ధం చెప్పలేదు.

తెలియక జరిగేవీ ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో సర్వర్‌కి కబురు పంపడానికి ‘ఫెచ్’ అనే ఆజ్ఞ ఉంది. సర్వర్ ‘నాలో లోపం ఉంది’ అని 500 నంబరుతో జవాబిచ్చినా, ‘అలాంటి పేజీ లేదు’ అని 404 ఇచ్చినా ఫెచ్ దాన్ని తప్పుగా లెక్కెయ్యదు. జవాబంటూ వచ్చింది కదా అంటుంది! ‘ఇంటికి తాళం ఉంది’ అని రాసి పోస్ట్‌మ్యాన్ ఉత్తరం వెనక్కి తెస్తే, పోస్ట్‌మ్యాన్ తిరిగొచ్చాడు కాబట్టి ఉత్తరం అందినట్టే అనుకోవడం లాంటిది. జవాబు సవ్యమైనదో కాదో చూసి, కాకపోతే ఎర్రర్ విసరడం ప్రోగ్రామర్ బాధ్యత. ఇది తెలియక కొత్తవాళ్లు రాసిన పేజీల్లోనే గుండ్రటి చక్రం అలా తిరుగుతూనే ఉంటుంది.

రాకెట్‌ని కూల్చిన చీటీ

నష్టం దరఖాస్తులతో ఆగదు. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి యూరప్ వాళ్ల ఏరియాన్-5 రాకెట్ తొలిసారి పైకి లేచింది. నలభై సెకన్లు తిరక్కుండానే పేలిపోయింది. నాలుగు పరిశోధక ఉపగ్రహాలు బూడిదయ్యాయి. అది వెబ్ భాష కాదు, ఏడా అనే భాషలో రాసిన ప్రోగ్రాం. తప్పుల్ని పట్టుకునే ఏర్పాటు ఆ భాషలో బాగానే ఉంది. రాకెట్ పక్కకి కదిలే వేగానికి సంబంధించిన ఓ సంఖ్యను చిన్న గడిలో ఇమడ్చబోయారు. ఆ గడిలో 32,767 దాటితే పట్టదు. సంఖ్య దాటింది. తప్పు జరిగిందని ప్రోగ్రాం విసిరింది కూడా. కానీ ఆ చోట పట్టుకునే చెయ్యి పెట్టలేదు. పాత ఏరియాన్-4లో ఆ సంఖ్య ఎప్పుడూ అంత పెరగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నారు. దాంతో దారి చూపే పరికరం తనను తాను ఆపేసుకుంది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాం... అది అంతకుముందే ఆగిపోయింది!

అసలు విడ్డూరం తర్వాతిది. ఆగిపోతూ ఆ పరికరం ‘నాకు ఫలానా జబ్బు చేసింది’ అన్న సంకేతం పంపింది. అందుకున్న ప్రధాన కంప్యూటర్ అది ఎర్రర్ అని గుర్తుపట్టలేదు. మామూలు ప్రయాణ సమాచారం అనుకుని, దాని ప్రకారం రాకెట్‌ని ఒక్కసారిగా పక్కకి తిప్పేసింది. ఎర్రర్ చీటీ మామూలు చీటీలా కనపడకూడదు, చూడగానే ఇది వేరు అని తెలియాలి అనడానికి ఇంతకన్నా ఖరీదైన పాఠం దొరకదు. పీహెచ్‌పీలో పాతకాలం ఫంక్షన్లు తప్పు జరిగితే సున్నానో ‘కాదు’ అనో తిరిగిస్తే, కింద ప్రోగ్రాం ఆ సున్నానే మార్కులుగా లెక్కవేసుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. జబ్బు అదే, సైజు వేరు.

తెలుగువాళ్లకి ఇంకా దగ్గరి ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగింది. మన ‘జ్ఞా’ అక్షరం ఐఫోన్లని పడగొట్టిందని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. మామూలుగా టైప్ చేసిన జ్ఞా కాదు. మధ్యలో కంటికి కనిపించని ఓ సంకేతం చేరిన జ్ఞా. ఆ అక్షరం ఉన్న మెసేజ్ వస్తే, దాన్ని తెర మీద గీయబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. నోటిఫికేషన్లో కనిపిస్తే హోమ్ స్క్రీన్ నడిపే ప్రోగ్రామే కూలేది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్ల ఫోన్లు కూడా తెలుగు అక్షరానికి భయపడ్డాయి! ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిదిద్దింది. అక్షరాలు గీసే భాగంలో, మెమరీ పాడయ్యే లోపం అది. చీటీ రాసి పైకి పంపే వీలు కూడా లేకుండా మనిషి కుప్పకూలినట్టన్నమాట. ప్రోగ్రాం పరీక్షించేవాళ్లు తెలుగు లాంటి లిపుల్ని ఎంత తక్కువ గుర్తుపెట్టుకుంటారో మాత్రం తేలిపోయింది. పేరులో చుక్కని ఊహించనిదీ ఇలాంటివాళ్లే.

అన్నీ చెప్పెయ్యాలా?

అలాగని లోపలి చీటీని ఉన్నదున్నట్టు తెర మీద అతికించమని కాదు. అందులో డేటాబేస్ పేరు, ఫైళ్లు ఉన్న చోటు, ఒక్కోసారి లోపలికి వెళ్లే దారులు కూడా ఉంటాయి. అవి దొంగలకి తాళంచెవులు. 2000ల్లో చాలా సైట్లు ఇలా తమ గుట్టు తామే బయటపెట్టుకున్నాయి. అందుకే తెలిసిన ప్రోగ్రామర్లు చీటీని రెండుగా చేస్తారు. పూర్తి పాఠం తమ లాగ్ పుస్తకంలో రాసుకుంటారు. తెర మీద మనిషికి పనికొచ్చే ముక్క మాత్రం పెట్టి, పక్కన ఓ నంబరు ఇస్తారు. రేపు ఫోన్ చేసి ఆ నంబరు చెబితే, అవతలివాళ్లు లాగ్‌లో అదే చీటీని తీయగలగాలి. ఈ నంబరు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఇవ్వని సైట్లు బద్ధకంతో ఇవ్వడం లేదనే అనుకోవాలి.

2022లో జావాస్క్రిప్ట్ ప్రమాణంలోకి ఇంకో చిన్న సౌకర్యం చేరింది. ఎర్రర్ ఆబ్జెక్టులో ‘కాజ్’ అనే గడి... అంటే కారణం. ‘దరఖాస్తు భద్రం కాలేదు’ అనే పై చీటీకి, ‘ఎందుకంటే డేటాబేస్ పలకలేదు’ అనే కింది చీటీని పిన్ను కొట్టి పెట్టొచ్చు. దానికి ఇంకోటి. కడప తూములో నీళ్లు లేకపోవడం నుంచి వెనక్కి నడుచుకుంటూ రాజోలి మీదుగా సుంకేసుల దాకా వెళ్లినట్టు. పీహెచ్‌పీలో ఇలాంటిది 2009 నుంచే ఉంది.

ఇక డబ్బు సంగతి. ఫీజు కట్ అయి, దరఖాస్తు మాత్రం పడకపోతే? ఇక్కడ రిజర్వు బ్యాంకు చేసిన పని మెచ్చుకోదగ్గది. 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల్లో తెగిపోయిన లావాదేవీలను రకాలుగా విడదీసి, ఒక్కోదానికి గడువు పెట్టింది. ఏటీఎంలో ఖాతా నుంచి డబ్బు పోయి నోట్లు రాకపోతే 5 రోజుల్లో వెనక్కి వెయ్యాలి. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు వాళ్ల ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా. యూపీఐలో వ్యాపారికి కట్టినప్పుడు మన ఖాతాలో పోయి, అవతల అందినట్టు రాకపోతే 5 రోజుల్లో. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున ఖాతాదారుకి పరిహారం. తప్పుకో పేరు, దానికో గడువు, బాధ్యత ఎవరిదో... కంప్యూటర్లో ఉండాల్సిన చీటీనే కాగితం మీద చట్టబద్ధంగా రాసినట్టుంది. అయితే ఫీజు అవతలి ఖాతాలో చేరిపోయి, దరఖాస్తు మాత్రమే నమోదు కాకపోతే ఈ నిబంధన వర్తించదు. ఆ సంస్థ హెల్ప్‌డెస్క్‌నే పట్టుకోవాలి.

కాబట్టి అలాంటి తెర ఎదురైతే వెంటనే మళ్లీ ఫీజు కట్టకండి. ముందు ఆ తెరను, పైన అడ్రసుతో, గడియారంతో సహా ఫోన్లో ఫొటో తీసుకోండి. బ్యాంకు మెసేజ్‌లోని లావాదేవీ నంబరు రాసుకోండి. లాగిన్ అయి ‘మై అప్లికేషన్స్’ లాంటి చోట దరఖాస్తు పడిందేమో చూడండి. ఆ తర్వాతే రెండో ప్రయత్నం. టైమూ నంబరూ ఉంటే లాగ్‌లో వెతకడం సులువు. ‘నిన్న రాత్రి ఏదో ఎర్రర్ వచ్చింది సార్’ అంటే హెల్ప్‌డెస్క్ వాళ్లకీ అది చివరి ఆయకట్టు కబురే.

ఈ చీటీలు రాసేవాళ్లు ఎక్కడో అమెరికాలోనే ఉండరు. ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది. టెన్త్ మార్కులతో సీటు తెచ్చుకున్న పల్లె పిల్లలు అక్కడ చదువుతున్నారు. కర్నూల్లో కేంద్రం ట్రిపుల్ ఐటీ ఉంది. జి.పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ సరేసరి. మద్దిలేటి, దస్తగిరి అన్న పేర్లు వీళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, క్లాసులో పక్క బెంచీలోనే ఉంటారు.

వీళ్లు గమనించాల్సిన సంగతొకటి ఉంది. ఎర్రర్ ఆబ్జెక్టులో పేరు వేరు, వివరం వేరు. పేరు ప్రోగ్రాం చదువుకోవడానికి. అది ఇంగ్లిష్‌లో ఎలా ఉన్నా ఫర్వాలేదు. దాన్ని పట్టుకుని తెర మీద ఏ భాషలోనైనా మాట్లాడొచ్చు. ఇంగ్లిష్ వాక్యం రాని తల్లిదండ్రులు పింఛను కోసమో, ఆదాయ ధ్రువపత్రం కోసమో తెర ముందు నిలబడితే, ఈ నాలుగు ముక్కలు అందులో పట్టనంత పెద్దవేం కాదు: ‘మీ పేరులో చుక్క ఉంది. చుక్క తీసేసి మళ్లీ నొక్కండి. మీరు కట్టిన ఫీజు అందింది, మళ్లీ కట్టొద్దు. అప్పటికీ కాకపోతే ఫోన్ చేసి ఈ నంబరు చెప్పండి.’